అమాస నాడు కలుసుకోవడం కూడా సేద్యమే



ఈసారి వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. ఒక చింతచెట్టు కింద పదిహేను ఇరవై మంది కూర్చుని అన్నం తింటున్నారు, పిల్లలు పక్కన తాటిముంజలు జుర్రుకుంటున్నారు, అంతే. "ఇందులో రైతు నేర్చుకునేది ఏముందండీ?" అని మీలో కొందరికి అనిపించొచ్చు. ఉందని నా అభిప్రాయం. వీడియోలో చెప్తే ఉపన్యాసంలా ఉంటుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట. చేను గట్టు మీద నిలబడితే ఒకపక్క పత్తి, మిర్చి. ఇంకోపక్క టేకు, మద్ది, ఇప్ప చెట్లు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం ఆరు కుటుంబాలం ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం. మాలో కోయవాళ్ళున్నారు, లంబాడీవాళ్ళున్నారు, కృష్ణా గుంటూరు వైపు నుంచి తాతల కాలంలో వలస వచ్చినవాళ్ళున్నారు. ఒకరి చేనుకూ ఇంకొకరి చేనుకూ మధ్య ఎక్కువలో ఎక్కువ ముప్పై కిలోమీటర్లు.

నేను చెప్పదలచుకున్నది ఒక్క ముక్క. నాకు తెలిసినవాళ్ళలో ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టి మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది దిగుబడి రాక మానలేదు. ఒంటరివాళ్ళై మానేశారు. కాబట్టి స్నేహితులతో కలిసి తినడం, ఒకరి పెరడు ఒకరు చూసుకోవడం, ఏ కాలానికి తగ్గట్టు ఆ కాలంలో అడవి వైపో ఏటి వైపో నడిచి రావడం, ఇవన్నీ పనయ్యాక చేసుకునే సరదాలు కావు. దుక్కి దున్నడం, విత్తనం కట్టుకోవడం ఎంత పనో ఇవీ అంత పనే.

ఫోన్ ఎత్తని మిత్రుడు

ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు. తప్పు చేసి నేర్చుకున్నాను.

2021 వానాకాలంలో మా ఆరుగురిలో నలుగురం మిర్చి వేశాం. ఆ ఏడు నల్ల తామర పురుగు ఎలా వచ్చిందో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. గుంటూరు నుంచి వరంగల్ దాకా, మన ఖమ్మంలోనూ, పూతలో చేరి పూతను కాయ కానివ్వకుండా రాల్చేసింది. రసాయనాలు కొట్టిన తోటలూ పోయాయి, కషాయాలు కొట్టిన తోటలూ పోయాయి. ఆ ఏడు మన పద్ధతి గొప్పదని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మాలో ఒకాయన, వరసకు నేను బావా అని పిలుస్తాను, మూడెకరాలు వేశాడు. అందులో రెండెకరాలు కౌలు.

అంతకుముందు మేం ప్రతి కార్తీకంలో కలిసి వనభోజనాలకు వెళ్ళేవాళ్ళం. 2020లో కరోనాతో అది ఆగింది. 2021లో కూడా "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకున్నాం. వాట్సాప్ గ్రూపు ఉంది కదా, రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా అని ధీమా. నిజానికి గ్రూపులో ఏం మాట్లాడుకున్నాం? ఒకరు వీడియో పెడితే ఇంకొకరు దండం బొమ్మ పెట్టడం. బావ కూడా దండం బొమ్మలే పెట్టేవాడు. డిసెంబరు నుంచి అవీ ఆగిపోయాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తోట పనిలో ఉన్నాడేమోలే అనుకున్నాం.

సంక్రాంతికి వాళ్ళ ఊరి మీదుగా వెళ్తూ ఆగాను. కొట్టంలో ఆవు లేదు. అమ్మేసి నెల దాటిందట. మోటారు షెడ్డులో పురుగుమందు డబ్బాలు ఉన్నాయి. అవి నా కంట పడినందుకు ఆయన సిగ్గుపడ్డాడు. నేను ఆయన కంటే ఎక్కువ సిగ్గుపడ్డాను. చెల్లెమ్మ టీ ఇచ్చి ఒక మాట అంది. "అన్నా, పూత రాలడం మొదలైనప్పుడు ఆయన రాత్రంతా గట్టు మీదే కూర్చున్నాడు. ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటే బాగుండేది. పంట ఎలాగూ పోయేదే, అది వేరే సంగతి." ఆ రాత్రి గురించి ఆమె చెప్పినదంతా ఇక్కడ రాయను.

ఆయన పంటను మేం కాపాడగలిగేవాళ్ళం కాదు. కానీ ఆవు పోకుండా ఆపగలిగేవాళ్ళం. ఆరుగురం తలా కొంత వేసుకుంటే అయ్యే పని అది. ఆవు ఉంటే జీవామృతం ఉండేది, జీవామృతం ఉంటే మళ్ళీ మొదలుపెట్టే దారి ఉండేది. ఆ సంగతి మాకు తెలియలేదు. ఎందుకంటే రెండేళ్ళుగా ఆయన చేనులో మేం ఎవ్వరం అడుగుపెట్టలేదు.

పునుకులలో జరిగింది ఇదే

మనకు దగ్గర్లో, పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరుంది. మీలో చాలామంది వినే ఉంటారు. ఒకప్పుడు పత్తికి మందులు కొట్టి కొట్టి, ఆ మందుల అప్పులతో, ఆ మందుల వల్ల వచ్చిన జబ్బులతో చితికిపోయిన ఊరు. 1999 ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థల సాయంతో కొద్దిమంది రైతులు పురుగుమందులు లేని సేద్యం మొదలుపెట్టారు. కొన్నేళ్ళలోనే, 2003 నాటికి, ఆ పద్ధతి ఊరంతా పాకింది. పురుగుమందులు వాడని ఊరిగా పునుకులకు పేరొచ్చింది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా వేల గ్రామాల్లో నడిచిన సుస్థిర వ్యవసాయానికి పునుకుల ఒక దారి చూపింది.

వాళ్ళు వాడినవి ఏమన్నా బ్రహ్మ రహస్యాలా? వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, గట్ల మీద ఆముదం, పత్తిలో బంతి మొక్కలు, లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు, పక్షులు వాలడానికి పంగల కర్రలు. ఇవన్నీ ఇవాళ ఫోన్‌లో రెండు నిమిషాల్లో దొరుకుతాయి. మరి ఇవాళ ఊరికి ఒక్కరు ఇద్దరే చేస్తుంటే, ఆనాడు ఫోన్లు కూడా లేని రోజుల్లో ఊరంతా ఎలా మారింది?

నాకు అర్థమైనది ఇది. అక్కడ ముందు కదిలినవాళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారు. పొదుపు సంఘాల్లో కలిసి కూర్చోవడం వాళ్ళకు అప్పటికే అలవాటు. వేపగింజలు ఏరాలన్నా, దంచాలన్నా ఒక్కరు చేస్తే చాకిరీ. పదిమంది చేస్తే మాటలతో గడిచిపోయే పని. ఒకరి చేనులో పురుగు తగ్గిందంటే ఇంకొకరు వెళ్ళి కళ్ళతో చూసి వచ్చేవారు. ఊరు మారడానికి ఆ కషాయం ఎంత కారణమో, ఆ రోటి చుట్టూ జరిగిన మాటలు అంత కారణం. మనం కషాయం తయారీ మాత్రం రాసుకుని, రోలు చుట్టూ కూర్చోవడం మర్చిపోయాం.

అమాసే ఎందుకు?

మన పెద్దవాళ్ళు అమాస నాడు కాడి కట్టేవారు కాదు. ఎద్దుకు విశ్రాంతి, నేలకు విశ్రాంతి, మనిషికీ విశ్రాంతి. నెలకొక్క రోజు ఎవ్వరికీ చెప్పకుండానే అందరికీ సెలవు. ఆ రోజే అరక సామాను బాగుచేసుకునేవారు, చుట్టం ఇంటికి వెళ్ళొచ్చేవారు. ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరుకు అమాస లేదు. దాంతోపాటు మనకూ పోయింది.

మేం దాన్ని మళ్ళీ పట్టుకున్నాం. 2022 ఉగాదికి ముందు రోజు అమాస. ఆ రోజు అందరం బావ చేనుకే వెళ్ళాం. ఎవరూ ఆయనకు నీతులు చెప్పకూడదని ముందే అనుకున్నాం. పచ్చిపులుసు, పప్పు, గుమ్మడికాయ కూర. తిన్నాక ఎండిన మిర్చి మొక్కలు పీకడానికి అందరం చేలో దిగాం. సాయంత్రానికి ఒక ఎకరం పీకేశాం. అప్పుడు అనుకున్నాం, ఇకమీదట ప్రతి అమాసకూ ఒకరి చేనులో కలవాలని.

ఆ ఏడే జులైలో గోదావరి వచ్చింది. జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్ళీ అప్పుడే చూశాం. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే అది ఎంత నీరో మీరే లెక్క వేసుకోండి. బూర్గంపాడు వైపు మా మిత్రుడి చేను ఏటి ఒడ్డున ఉంది. కంచె పోయింది, మోటారు షెడ్డు నిండా బురద, జీవామృతం డ్రమ్ములు ఎక్కడికి కొట్టుకుపోయాయో తెలియదు.

జులై 28న ఆషాఢ అమాస. ఆ రోజు వంట లేదు. పులిహోర మూటలు కట్టుకుని, పారలు గంపలు పట్టుకుని వెళ్ళాం. అందరికంటే ముందు వచ్చింది బావ. మేం సాయంత్రం తిరిగొచ్చినా ఆయన అక్కడే పడుకుని రెండో రోజూ పని చేశాడు. ఆ ఒండ్రులో జనుము, పిల్లిపెసర చల్లాం. దసరా నాటికి జనుము నడుము ఎత్తు పెరిగింది. నీరు తీసుకెళ్ళింది ఎక్కువే. కానీ ఆ రైతు ఒక్కడే ఆ బురద వైపు చూస్తూ కూర్చునే పరిస్థితి రాలేదు.

బావ సంగతి ఏమైందని అడుగుతారు. ఆయన పూర్తిగా వెనక్కి రాలేదు. అప్పు ఇంకా ఉంది, కౌలు చేను మీద మందులు కొడుతూనే ఉన్నాడు. సొంత ఎకరంలో మాత్రం మళ్ళీ మొదలుపెట్టాడు. ఆవు లేదు కాబట్టి పేడ, మూత్రం మా ఇంటి నుంచి తీసుకెళ్తాడు. ప్రతి అమాసకూ వస్తాడు. మాకు అది చాలు.

ఏ కాలానికి ఆ కలయిక

నెలనెలా ఒకేలా కలిస్తే విసుగొస్తుంది. అందుకే కాలాన్నిబట్టి వెళ్తాం. అమాస రోజే కుదరకపోతే దానికి అటూ ఇటూ.

ఫాల్గుణంలో మోదుగ పూస్తుంది. అడవి అంచంతా నిప్పంటుకున్నట్టు ఉంటుంది. రాలిన పూలు పిల్లలు ఏరుకొచ్చి హోళీకి రంగు కాస్తారు. ఆకు ముదిరాక విస్తళ్ళు కుట్టుకుంటాం. కుట్టడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు, మా అమ్మ నవ్వుతుంది.

చైత్రంలో శ్రీరామనవమికి భద్రాచలం నడిచి వెళ్ళేవాళ్ళు మా రోడ్డు మీదుగానే వెళ్తారు. ఒక పూట మజ్జిగ, పానకం పోస్తాం. గోదావరి జిల్లాల్లో కొందరు భక్తులు రాములవారి తలంబ్రాల కోసమే ప్రత్యేకంగా వరి పండించి, ఆ గింజల్ని గోటితో ఒలిచి బియ్యం తీసి భద్రాచలం తెస్తారు. మిల్లు ఉండగా గోటితో ఎందుకు ఒలుస్తారు? నలుగురు కూర్చుని ఒలవడంలో ఏదో ఉంది కాబట్టే కదా! లాభం లెక్క వేస్తే అది ఎక్కడా తేలదు.

అదే రోజుల్లో ఇప్పపూవు. పూవు తెల్లవారుజామున రాలుతుంది, ఎండ ముదరకముందే ఏరుకోవాలి. మా కోయ మిత్రుడి ఇంటివాళ్ళతో ఒక ఉదయం వెళ్తాం. మేం ఏరిందంతా వాళ్ళ బుట్టలోనే వేస్తాం. వాళ్ళ తాత చెట్టు కింద ఆకు కాల్చనివ్వడు, చీపురుతో ఊడిపిస్తాడు. "కాలిస్తే ఈ ఏడు పని సులువు, పైయేడు మొక్క లేదు" అంటాడు. ఆచ్ఛాదన గురించి నేను పది శిక్షణల్లో విన్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

వేసవిలో కోయ ఊళ్ళలో పండుగలు. పండుగ చేసి దేవతకు పెట్టకుండా కొత్త మామిడికాయ ముట్టరు. వానలకు ముందు విత్తనాలు దేవత ముందు పెట్టి పండుగ చేసుకున్నాకే విత్తుతారు. ఇది మూఢనమ్మకమని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోను. కాయ ముదిరేదాకా ఆగడం, అందరం ఒకేసారి మొదలుపెట్టడం, విత్తనానికి మర్యాద ఇవ్వడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. మనం మాత్రం ఏరువాక పున్నానికి ముందే తొందరపడి, ఒక్క జల్లుకు పత్తి పెట్టేసి, మొలవక మళ్ళీ విత్తనం కొంటాం.

భాద్రపద అమాస, అంటే పెత్రమాస, మా ఆడపిల్లలకు పెద్ద రోజు. ఎంగిలిపూల బతుకమ్మ ఆ రోజే మొదలవుతుంది. గునుగు పూలు కావాలి కదా. గునుగు మనకు కలుపు మొక్కే. కలుపుమందు కొట్టిన చేలల్లో వెతికినా కనబడదు. ఊళ్ళో పిల్లలందరూ గునుగు కోసం మా చేలకు వస్తారు. పత్తిలో ఎర పంటగా వేసిన బంతి కూడా అప్పటికి పూతకొస్తుంది. శనగపచ్చ పురుగు కోసం వేసిన బంతి బతుకమ్మ మీదకు ఎక్కుతుంది. మన పద్ధతి గురించి ఊరికి ఇంతకంటే బాగా చెప్పే ప్రచారం నాకు తెలియదు. పిల్లల్ని చూసి నిరుడు పక్క చేను రైతు ఒకాయన ఒక గట్టు వరకు కలుపుమందు కొట్టకుండా వదిలాడు.

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం. పుష్యంలో జొన్న పాలకంకి మీదుంటే ఊచబియ్యం కాల్చుకుంటాం, తేగలు, రేగుపళ్ళు ఉండనే ఉంటాయి. ముక్కోటి ముందు రోజు వీలైతే భద్రాచలం వెళ్ళి గోదాట్లో తెప్పోత్సవం చూసి వస్తాం.

ఒకసారి పోచవరం నుంచి లాంచీ ఎక్కి పాపికొండలూ చూసి వచ్చాం. చాలా బాగుంది. ఆ కొండల కింద ఊళ్ళు కొన్ని పోలవరం ముంపులో పోతాయని తలుచుకుంటే కడుపులో దేవినట్టయింది కూడా. కానీ అది చూసి వచ్చే ప్రయాణం. నేను చెప్పే కలయికల్లో మనం కూడా ఒక చెయ్యి వేయాలి. రెంటికీ తేడా ఉంది.

పెరడు చూస్తే రైతు తెలుస్తాడు

ఎవరి చేనుకు వెళ్ళినా ముందు పెరట్లోకి వెళ్తాం. అమ్మే పంట అప్పు కోసం, బియ్యం కోసం పండిస్తాం. పెరడు మాత్రం ఇష్టం కోసం. పందిరి మీద బీర, సొర, కింద పసుపు, పక్కన నాలుగు వంగ మొక్కలు, మునగ. అక్కడ రైతు మనసు బాగుందో లేదో తెలిసిపోతుంది. పందిరి విరిగి నాలుగు నెలలైనా ఎత్తలేదంటే ఆ ఇంట్లో ఏదో బాధ ఉన్నట్టే. ఇప్పుడు మేం ఆ గుర్తు పట్టడం నేర్చుకున్నాం.

మా మధ్య తిరిగే విత్తనాలన్నీ పెరట్లవే. ఒక వదిన దగ్గర గట్టు చిక్కుడు ఉంది. మొదట ఒక్క ఇంట్లోనే ఉండేది, ఇప్పుడు ఆరు ఇళ్ళలో ఉంది. వరదలో ఏటి ఒడ్డు మిత్రుడి ఇంట్లో విత్తనాల కుండలు తడిసిపోయినప్పుడు, ఆయన పంచిన దోస, బీర విత్తనాలే మళ్ళీ ఆయన ఇంటికి తిరిగొచ్చాయి. విత్తనం దాచుకోవడానికి స్నేహితుడి ఇంటిని మించిన గాదె లేదు.

ఇంకో సంగతి. మాలో ఒకాయన జీవామృతం ఎంత వేసినా ఫలితం లేదని రెండేళ్ళు వాపోయాడు. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, కొలతలన్నీ సరిగ్గానే చెప్పేవాడు. అమాసకు వెళ్ళి చూస్తే డ్రమ్ము నడి ఎండలో ఉంది. పైన గోనె కూడా లేదు. మేం నవ్వాం, ఆయనా నవ్వాడు, నలుగురం పట్టి వేపచెట్టు కిందికి జరిపాం. నీడలో పెట్టాలని ప్రతి వీడియోలోనూ చెప్తారు, ఆయన అన్నీ చూశాడు. కానీ నీ డ్రమ్ము ఎండలో ఉందని వీడియో చెప్పలేదు కదా. వీడియోలు పెట్టే నేనే ఈ మాట ఒప్పుకుంటున్నాను.

"మాకు ఖాళీ ఎక్కడిదండీ?"

ఇది న్యాయమైన ప్రశ్నే. ప్రకృతి వ్యవసాయంలో పని ఎక్కువ. కలుపు చేత్తో తీయాలి, కషాయాలు మనమే కాయాలి, ఆవును వదిలి ఊరు వెళ్ళలేం. కూలి రేట్లు చూస్తే ఒక రోజు పోవడం అంటే డబ్బు పోవడమే.

నా జవాబు రెండు మాటలు. మొదటిది, మేం రోజంతా పోగొట్టుకోం. పొద్దున పాలు పితికి, పశువులకు మేత వేసి పది గంటలకు బయల్దేరితే సాయంత్రం పాల వేళకు ఇంట్లో ఉంటాం. దూరం వెళ్ళాలంటే ఒక ఇంటివాళ్ళు ఉండిపోయి మిగతావాళ్ళ పశువుల్ని చూసుకుంటారు, పైసారి ఇంకొకరు. రెండోది, కలుసుకోవడం మొదలయ్యాకే బదులు పని మళ్ళీ వచ్చింది. నాట్లప్పుడు, మిర్చి కోతలప్పుడు ఒకరికొకరం వెళ్తున్నాం. ముందు స్నేహం కుదిరింది, తర్వాత పని పంచుకోవడం వచ్చింది. తిరగేసి మొదలుపెట్టిన రైతు సంఘాలు కొన్ని చూశాను. వాటాలు, సంతకాలతో మొదలై లెక్కల దగ్గరే విరిగిపోయాయి.

మేం చేసిన తప్పులు

అన్నీ బాగా చేశామని కాదు.

మొదటి రెండు మూడు సార్లు మగవాళ్ళం చాపలేసుకుని కబుర్లు చెప్పుకున్నాం, ఆడవాళ్ళు పొయ్యి దగ్గరే ఉన్నారు. ఒక వదిన అనేసింది: "మీకు వనభోజనం, మాకు వనంలో వంటగది." ఆ రోజు నుంచి అమాస వంట మగవాళ్ళదే. మొదట్లో పప్పు మాడింది, ఇప్పుడు పర్లేదు. ఆడవాళ్ళు చేను చుట్టూ తిరగడం మొదలయ్యాక మాకు తెలియని సంగతులు ఎన్నో బయటపడ్డాయి. కలుపు తీసేదీ, విత్తనం దాచేదీ వాళ్ళే కదా.

కార్తీక వనభోజనాలు ఇప్పుడు చాలాచోట్ల కులాలవారీగా జరుగుతున్నాయి. మమ్మల్నీ పిలుస్తారు, ఎవరి కులం వాళ్ళను. చుట్టాల్ని కలుసుకోవడం తప్పని నేను అనను. కానీ నా పక్క చేను రైతు ఏ కులమైనా, ఆయన చేనులో పుట్టిన పురుగు నా చేనులోకి వస్తుంది, నా చేనులో బతికిన అక్షింతల పురుగు ఆయన చేనులోకీ వెళ్తుంది. కలిసి తినాల్సింది ముందు ఆయనతో.

ఇంకొకటి చెత్త. కిన్నెరసాని వైపు సెలవు రోజుల తర్వాత వెళ్ళి చూడండి, ప్లాస్టిక్ గ్లాసులు, సీసా పెంకులు. మట్టిని కాపాడతామని చెప్పుకునే మనం కూడా ఒకసారి థర్మాకోల్ ప్లేట్లు తీసుకెళ్ళాం, సులువని. ఇప్పుడు మోదుగ విస్తరో, అడ్డాకు విస్తరో. తిన్నాక ఆవుకో ఎరువు గుంతకో.

ఆఖరిది అడవి సొత్తు. ఇప్పపూవు, తునికాకు, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు మనకు సరదా. అక్కడివాళ్ళకు అది తిండి, ఆదాయం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద వాళ్ళకు హక్కు ఇచ్చింది. చట్టం లేకపోయినా మర్యాద అదే. అందుకే మేం ఏదీ కోసుకురాం. కావాలంటే వాళ్ళ దగ్గర కొనుక్కుంటాం. గుప్పెడు అడవి మట్టి జీవామృతానికి తెచ్చుకున్నా అడిగి తెచ్చుకుంటాం.

చివరగా

మీకు ఆరు కుటుంబాలు దొరక్కపోవచ్చు. ఇద్దరున్నా చాలు. పెద్ద కార్యక్రమం పెట్టుకోవద్దు, ఫ్లెక్సీ వద్దు, అతిథులు వద్దు. ఎవరి ఇంటి నుంచి వాళ్ళు ఒక కూర తీసుకెళ్ళండి. ముందు పెరడు చూడండి, తర్వాత చేను చుట్టూ ఒక్క చుట్టు తిరగండి. అడిగితేనే సలహా చెప్పండి. వచ్చేటప్పుడు ఏదో ఒక విత్తనం ఇచ్చి, ఏదో ఒకటి తీసుకోండి. రానివాళ్ళు ఉంటే సాయంత్రానికల్లా ఒకరు వాళ్ళ ఇంటికి వెళ్ళి పలకరించి రండి. మాకు ఇదొక్కటే కచ్చితమైన నియమం. ఫోన్ చేయడం కాదు, వెళ్ళి రావాలి.

ఈ మధ్య అమాస రోజు సామాను సర్దుతుంటే చెల్లెమ్మ మా ఆవిడతో అంటోంది, "ఈ ఏడు చిక్కుడు పందిరి మా ఆయనే వేశాడు వదినా, నేను చెప్పకుండానే." దిగుబడి లెక్కల్లో ఆ పందిరి ఎక్కడా కనబడదు. నాకు మాత్రం ఆ ఏడాది మా ఆరు ఇళ్ళలో వచ్చిన మంచి పంట అదే అనిపించింది.

వచ్చే అమాసకు మీ దగ్గర్లో ఉన్న ఒక రైతు చేనుకు వెళ్ళండి. వీడియో తీయకపోయినా పర్లేదు.

సెలవు.